మొదటి వద్దు

కేకు పళ్ళెం అతని ముందుకు వచ్చింది. అతను వినయంగా "నో, థాంక్యూ" అన్నాడు. పళ్ళెం పక్కకి వెళ్ళిపోయింది.

నిజానికి అతను పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అయినా అడగ్గానే చెయ్యి చాపేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ముందు వద్దనాలి. వాళ్ళు "అయ్యో, అలాగంటే ఎలా" అనాలి. అప్పుడు తను "అబ్బే, ఇప్పుడే తిన్నాను" అనాలి. వాళ్ళు ఇంకాస్త బలవంతం చెయ్యాలి. "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని అప్పుడు కాస్త పెద్ద ముక్కే తీసుకోవాలి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వాళ్ళింట్లో, వాళ్ళ వీధిలో, వాళ్ళ చుట్టాలందరిలో జరుగుతున్నది ఇదే. ఇక్కడేమో మొదటి మెట్టు దగ్గరే కార్యక్రమం ముగిసిపోయింది.

పరాయి దేశంలో, కొత్త యూనివర్సిటీలో, కాంక్రీట్ లాబ్‌లో అతనికి అది మొదటి రోజు. ఆ రోజే ప్రొఫెసర్ పుట్టినరోజు. సిమెంట్ బస్తాలకీ మిక్సర్‌కీ మధ్యన బల్ల వేసి అందరూ నిలబడి కేకు తింటున్నారు. పళ్ళెం లాబ్ అంతా తిరిగి మళ్ళీ ఇటే వస్తోంది. దాంట్లో ఒక్క ముక్క మిగిలింది. 'ఈసారి తప్పకుండా అడుగుతారు' అనుకుని గొంతు సవరించుకుని రెడీగా ఉన్నాడు.

అతని పక్కన నిలబడ్డ అమ్మాయి ఆ ముక్క తీసేసుకుంది.

"ఆకలిగా ఉందా?" అని అడిగింది. అచ్చం మన భాషలో.

అతను ఉలిక్కిపడ్డాడు. "మీరు మనవాళ్ళేనా అండీ!"

"అడిగినదానికి చెప్పండి. ఆకలిగా ఉందా?"

"అబ్బే, లేదండీ."

"సరే," అని ఆమె కేకు కొరికింది.

అతను గుటకలు మింగుతూ చూస్తున్నాడు. ఆమె నింపాదిగా నమిలింది. క్రీము అంటిన వేలు కూడా నాకింది. చివరి తునక నోట్లో వేసుకోబోతుండగా అతని నోట్లోంచి వచ్చేసింది, "ఇంకోసారి అడుగుతారేమో అనుకున్నాను."

ఆమెకి పొలమారింది. దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. కళ్ళు తుడుచుకుని అంది, "ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. మీరు వద్దంటే వద్దనే అర్థం. మీ మాటకి విలువ ఇవ్వడం అన్నమాట."

"కడుపు మాడ్చి విలువ ఇవ్వడమేంటండీ?"

"మరి అబద్ధమెందుకు చెప్పారు?"

అది అబద్ధమని అతనికి ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచలేదు. మర్యాద అనుకున్నాడు. ఆమె ఎవరో, మనవాళ్ళమ్మాయి అయ్యుండి మనవాళ్ళలా ఎందుకు మాట్లాడటం లేదో, తనకి కోపం రావాలో సిగ్గు రావాలో ఏదీ తేల్చుకోలేకపోయాడు. ఖాళీ పళ్ళెం కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె అక్కడ నాలుగేళ్ళుగా రిసెర్చ్ చేస్తున్న సీనియర్. సిమెంట్ కొంత తగ్గించి, ఆ మేరకి గాజు పొడి కలిపితే కాంక్రీట్ ఎంత బరువు మోస్తుందో తేల్చడం ఆమె పని. ఆమెకి సాయం చెయ్యడానికి ప్రొఫెసర్ నియమించిన కొత్త కుర్రాడు ఇతనే. ఈ సంగతి ఇద్దరికీ సాయంత్రం తెలిసింది.

*

గదికి వెళ్ళి కేకు కథ చెబితే రూమ్మేట్ మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. ఈ రూమ్మేట్‌ని ఆ క్యాంపస్‌లో మనవాళ్ళంతా 'అన్న' అంటారు. వయసులో పెద్దవాడు, చదువు ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికీ తెలియదు, సలహాలు మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

"తమ్ముడూ, ఇవాళ్టినుంచి నీ పేరు మొహమాటం," అని అన్న అక్కడికక్కడే నామకరణం చేసేశాడు.

పేరు అతికినట్టు సరిపోయింది. వారం తిరిగేసరికి అందరూ అలాగే పిలవసాగారు.

మొహమాటానికి ఆ దేశంలో ఏదీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. దారిలో ఎదురైనవాళ్ళంతా "హౌ ఆర్ యూ?" అనేవారు. ఆగి, రాత్రి జలుబు చేసిన వైనం చెప్పడం మొదలుపెడితే వాళ్ళప్పటికే మలుపు తిరిగిపోయేవారు. ప్రొఫెసర్ తనని పేరు పెట్టి పిలవమన్నాడు. తండ్రి వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. 'సర్' అంటే ఆయన వెనక్కి తిరిగి ఎవరా అని చూసేవాడు. ఈ బాధ పడలేక అతను ఏ పేరుతోనూ పిలవడం మానేశాడు. ఆయన బల్ల ముందు నిలబడి, తలెత్తి చూసేదాకా సన్నగా దగ్గేవాడు. ఆయన పాపం మంచివాడు, ఒకరోజు దగ్గు మందు తెచ్చి ఇచ్చాడు.

లాబ్‌లో సీనియర్‌తో పని. ఇసుక జల్లించడం, కంకర తూచడం, మిక్సర్ తిప్పడం, ఇనప అచ్చులకి నూనె రాసి కాంక్రీట్ పోసి కడ్డీతో కూరడం. మర్నాడు అచ్చులు విప్పి, గట్టిపడ్డ దిమ్మల్ని నీళ్ళ తొట్టిలో పడుకోబెట్టడం. అవి బాగా నాని గట్టిపడ్డాక మెషిన్ కింద పెట్టి నలగ్గొట్టడం.

"ఆ ఇసుక బకెట్‌కి ఒక చెయ్యి వెయ్యనా?" అంది ఆమె మొదటి వారంలోనే.

"పర్లేదండీ, మీకెందుకు శ్రమ."

"సరే," అని ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

అతను బకెట్‌ని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళ మధ్యన ఊపుకుంటూ, గోడకి ఒకసారీ మిక్సర్‌కి ఒకసారీ కొట్టుకుంటూ లాబ్ ఈ చివరినుంచి ఆ చివరికి చేర్చాడు. నడుం పట్టేసింది. ఆమె పక్కనే నడుస్తూ వచ్చింది.

"ఇప్పుడైనా చెప్పండి. సాయం కావాలా?"

"ఇంకెందుకండీ, వచ్చేశాంగా!"

"వచ్చే ముందే అనాల్సింది."

అతనికి ఒళ్ళు మండింది. "ఊరికే చూస్తూ నడిచారు కదండీ! మన ఇళ్ళల్లో అయితే పర్లేదన్నా ఆపకుండా లాక్కుంటారు."

"తెలుసు," అంది ఆమె. గొంతు కాస్త మెత్తబడింది. "నేనూ అక్కడినుంచేగా వచ్చాను. మొదటి చలికాలం నా గదిలో హీటర్ పాడైంది. పక్క గది అమ్మాయి వచ్చి 'నా గదిలో పడుకుంటావా' అని అడిగింది. నేను 'అబ్బే, పర్లేదు' అన్నాను. 'ఓకే' అని వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుందని రాత్రంతా తలుపు కేసి చూస్తూ, ఉన్న బట్టలన్నీ కప్పుకుని కూర్చున్నాను. తెల్లారి జ్వరం. ఆ అమ్మాయే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. 'రమ్మన్నాను కదా, ఎందుకు రాలేదు' అని ఏడ్చింది పాపం. ఆ రోజే అనుకున్నాను. ఏదైనా ఒక్కసారే అడుగుతాను, ఒక్కసారే చెబుతాను, మనసులో ఉన్నదే చెబుతాను."

"ఇబ్బందిగా ఉండదా అండీ?"

"హాయిగా ఉంటుంది. మీరూ నేర్చుకోండి."

నేర్చుకుందామనే అనుకున్నాడు. దానితో మరో తిప్పలు వచ్చిపడ్డాయి. ఏది అడిగినా మొదటిసారే 'ఎస్' అనడం మొదలుపెట్టాడు. ఫలితంగా నెల తిరక్కముందే క్యాంపస్ పాటల బృందంలో సభ్యుడయ్యాడు. అతని గొంతు విన్న పాటల మాస్టారు, అతని మనసు నొప్పించకుండా, వెనక వరుసలో కుర్చీలు సర్దే పని అప్పగించాడు. లాబ్‌లో ఒకతను ఊరెళుతూ పిల్లిని చూసుకుంటావా అంటే 'ఎస్' అన్నాడు. ఆ పిల్లి అన్న దుప్పటి మీద స్థిరపడింది.

"తమ్ముడూ, నువ్వు వద్దన్నప్పుడే బాగుండేది," అన్నాడు అన్న, తుమ్ముల మధ్యన.

చిత్రమేమిటంటే ఊరందరికీ ఎస్ అనగలిగినవాడు సీనియర్ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చేవాడు. ఆమె ముందు నాలుక మడతపడేది.

*

ఒకరోజు సాయంత్రం పని ముగిసింది. కిటికీ అద్దాల మీద చినుకులు పడుతున్నాయి. సీనియర్ బూట్లకంటిన సిమెంట్ గీక్కుంటూ అంది, "వానలో అలా చెరువు దాకా నడిచొద్దామా?"

అతను రెండు గంటలైనా నడుస్తాను అనాలనుకున్నాడు. "మీకేదైనా పనుందేమోనండీ..." అన్నాడు.

"సరే," అని ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

అతను పరుగున కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నీలం గొడుగు చెట్ల కింద నుంచి మెల్లగా వెళుతోంది. మధ్యలో ఒకసారి ఆగింది. వెనక్కి తిరిగిందో, బూటు లేసు కట్టుకుందో ఇంత దూరం నుంచి తెలియలేదు. ఆ ఒక్క ఆగడం గురించి అతను రాత్రి అన్నం తింటూ, గిన్నెలు కడుగుతూ, అన్నని చంపుకు తిన్నాడు.

"అన్నా, నడుద్దామా అని అడిగింది. అంటే ఏంటి?"

"కాళ్ళు నొప్పులు లేవని."

"జోకులొద్దు. ఇష్టం ఉందంటావా?"

"తమ్ముడూ, ఇక్కడ అందరూ అందర్నీ నడకకి పిలుస్తారు, కాఫీకి పిలుస్తారు. నన్ను లైబ్రరీలో ఒకావిడ కాఫీకి పిలిచింది. నేను ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పేశాను కూడా. తీరా వెళితే ఆవిడ భర్త కూడా వచ్చాడు. అది ప్రేమ కాదు, కాఫీ."

"అయితే ఇష్టం లేదంటావా?"

"అలా ఎప్పుడన్నాను? ఆవిడ ఇక్కడి మనిషి. నీ సీనియర్ మనమ్మాయి. మనమ్మాయి ఊరికే నడకకి పిలవదు."

"కానీ ఈవిడ ఇక్కడి పద్ధతులే పాటిస్తుంది!"

అన్న చాలాసేపు ఆలోచించాడు. "అయితే నాకు తెలీదు," అని పిల్లిని పక్కకి తోసి పడుకున్నాడు.

మొహమాటం పరిస్థితి చెప్పనక్కర్లేదు. మర్నాటినుంచి ఆమె చేసే ప్రతి పనికీ రెండు అర్థాలు కనిపించసాగాయి. తలుపు పట్టుకుని అతని కోసం ఆగితే ఇష్టమేమో అనిపించేది. అదే తలుపు వెనకాల వచ్చేవాళ్ళందరికీ పట్టుకునేసరికి నీరుగారిపోయేవాడు. అతని కళ్ళద్దాల మీద పడ్డ సిమెంట్ దుమ్ముని ఒకసారి ఆమె తన కండువాతో తుడిచింది. ఆ రోజంతా మేఘాల్లో తేలాడు. సాయంత్రం చూస్తే అదే కండువాతో మెషిన్ మీటర్ కూడా తుడుస్తోంది.

అయితే ఒక సంగతి మాత్రం గజిబిజి లేకుండా తెలిసింది. ఆమె రాని రోజున లాబ్‌లో అతనికి ఏ పనీ తోచేది కాదు. మిక్సర్ ఆపడం మర్చిపోయేవాడు. ఆమెని అతను ప్రేమించాడు. అందులో సందేహం లేదు. సందేహమంతా ఆమె సంగతే.

*

సెమిస్టర్ చివర్లో ఒక మధ్యాహ్నం ఇద్దరూ తొట్టిలోంచి దిమ్మలు తీసి తుడుస్తున్నారు. ఆమె చేతిలోని దిమ్మని తుడిచిందే తుడుస్తూ అంది, "నాకు ఉద్యోగం వచ్చింది. వేరే ఊళ్ళో, యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం. థీసిస్ అయిపోయిందిగా. ఈ నెలాఖరికి వెళ్ళిపోతాను."

"చాలా సంతోషమండీ," అన్నాడు. గొంతులో సంతోషం పలకలేదు. చేతిలో దిమ్మ జారి తొట్టిలో పడి ఇద్దరి మీదా నీళ్ళు చిందాయి.

ఆమె ముఖం తుడుచుకోలేదు. "రైల్లో మూడు గంటలు పడుతుంది. సెలవు రోజుల్లో వస్తూ ఉంటారా?"

ఒక్కసారే అడుగుతుందని అతనికి తెలుసు. మనసులో ఉన్నదే అడుగుతుందని కూడా తెలుసు. వస్తాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇరవై రెండేళ్ళ పెంపకం వచ్చి దాని ముందు నిలబడింది. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, ఒంటరిగా ఉండే అమ్మాయి. అడగ్గానే ఎగేసుకుని వస్తానంటే ఏమనుకుంటుంది?

"మీకెందుకండీ ఇబ్బంది. కొత్తలో మీకూ తీరిక ఉండదు కదా," అన్నాడు.

ఆమె అతని కళ్ళలోకి చూసింది.

"సరే," అంది.

ఈసారి ఆ 'సరే' మామూలుగా లేదు. ఆమె దిమ్మలన్నీ వరసగా పేర్చి, చేతులు కడుక్కుని, అతని కేసి చూడకుండా వెళ్ళిపోయింది.

అతను తొట్టి అంచు మీద కూలబడ్డాడు. కేకు పోతే ఆకలి ఒక పూటది. నడక పోతే ఒక సాయంత్రమే పోయింది. ఈమె పోతే? ఆ ప్రశ్నతో అతనికి నిజంగా భయం వేసింది.

"ఒరేయ్ దద్దమ్మా!" అన్నాడు అన్న, విషయం విని. తమ్ముడూ అనడం కూడా మర్చిపోయాడు. "ఒక్కసారే అడిగే మనిషి అడిగిందంటే ఎంత గుండె చిక్కబట్టుకుని అడిగుంటుంది! పోయి చెప్పు. నువ్వే అడుగు. సూటిగా, ఒకే మాటలో."

"అలాగే," అన్నాడు మొహమాటం. వెంటనే, మొదటిసారే.

*

మర్నాడు దిమ్మలు నలగ్గొట్టే పని. ఆమె రీడింగులు రాసుకుంటోంది, అతను లీవరు దగ్గర నిలబడ్డాడు. మెషిన్ దిమ్మని మెల్లగా నొక్కుతోంది. మీటర్లో ముల్లు పైకి పోతోంది. దిమ్మ మీద సన్నటి పగులు కనబడింది.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడు.

ఆమె పెన్ను ఆగిపోయింది.

"నిన్న నేను చెప్పింది మనసులో మాట కాదు. ప్రతి సెలవుకీ రైలెక్కి మీ దగ్గరికి రావాలని ఉంది. రావచ్చా?"

ఫట్‌మని దిమ్మ పగిలింది. ఇద్దరూ ఎగిరిపడ్డారు. రీడింగు ఎవరూ చూడలేదు.

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నాలుగేళ్ళుగా ప్రొఫెసర్లతో సైతం తడుముకోకుండా మాట్లాడిన మనిషి పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కండువా కొసని వేలికి చుట్టుకుంది.

"అబ్బే... ఎందుకండీ మీకంత శ్రమ," అంది నేల చూపులు చూస్తూ. "చదువుకునే రోజులు... వద్దులెండి."

అతని గుండె జారిపోయింది. కానీ ఎవరి దగ్గర పాఠం నేర్చుకున్నాడో ఆమె ముందే తప్పు చేస్తాడా? వద్దంటే వద్దనే. మాటకి విలువ ఇవ్వాలి.

"సరేనండీ," అన్నాడు. చీపురు తెచ్చి పగిలిన ముక్కలు ఊడ్చాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. ఎందుకు నిలబడిందో అతనికి తోచలేదు.

"వద్దంది," అని గదికొచ్చి చెప్పాడు.

"ఏమని వద్దంది?" అన్నాడు అన్న.

"అబ్బే, ఎందుకండీ శ్రమ, వద్దులెండి అని."

అన్న లేచి కూర్చున్నాడు. "అది మన వద్దులా ఉందే! ఇంకోసారి అడిగి చూడు."

"తప్పు అన్నా. కాదన్న అమ్మాయిని మళ్ళీ మళ్ళీ అడిగితే అది వెంటపడటం. ఆవిడకి అలాంటివి గిట్టవు. నాకూ ఇష్టం లేదు."

ఆ మాట నిజమే. అన్న కూడా కాదనలేకపోయాడు. అతనిప్పుడు మర్యాద కోసం ఆగలేదు. ఆమె మీది గౌరవంతో ఆగాడు. అయినా ఏడుపు మాత్రం వచ్చింది.

ఆ తర్వాత ఆమె ధోరణే అతనికి తలాతోకా అర్థం కాలేదు. వద్దన్న మనిషి దూరంగా ఉండాలి కదా? ఆమేమో అతనున్న చోటికే వచ్చేది. అప్పుడే తుడిచిన బల్లని మళ్ళీ తుడిచేది. "ఏదో అడగబోతున్నట్టున్నారు?" అనేది.

"లేదండీ, దగ్గొచ్చింది."

ఆమె తన పనంతా అతనికి అప్పగించిన రోజున తలుపు దగ్గర ఆగి మరీ అంది, "ఇంకేమైనా... అడగాలని ఉందా?"

అతను మనస్ఫూర్తిగా ఆలోచించాడు. "మిక్సర్ బెల్టు జారితే ఎవరికి చెప్పాలండీ?"

ఆమె తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయింది. బెల్టు గురించి అడగకూడదా ఏమిటి అని అతను తల గోక్కున్నాడు.

*

ఆమె వెళ్ళే రోజు కుండపోతగా వాన. స్టేషన్‌కి వెళ్ళి సాగనంపాలని అతనికి ప్రాణం కొట్టుకుపోయింది. రమ్మనలేదు కదా అని ఆగిపోయాడు. లాబ్‌లో ఒంటరిగా మిక్సర్ తిప్పుకుంటూ కూర్చుంటే కాలం గడుస్తుందని వచ్చాడు. కాంక్రీట్ కలిపి, మోచేతుల దాకా తొడుగులు వేసుకుని అచ్చుల్లో నింపుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. సీనియర్. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక వరండాలో రెండు పెట్టెలు.

"నీకు బుద్ధుందా?" అంది.

ఇన్నాళ్ళూ మీరు అన్న మనిషి నువ్వు అనేసరికి అతనికి కంగారొచ్చింది. "ఏమైందండీ? దిమ్మలేమైనా తప్పుగా..."

"దిమ్మలు పాడుగాను! ఒక్కసారి అడిగి ఊరుకుంటావా? చీపురు పట్టుకుని ఊడుస్తావా?"

"మీరు వద్దన్నారు కదండీ!"

"వద్దంటే?"

"వద్దంటే వద్దనే. మీరే కదా నేర్పారు!"

"నేను నేర్పింది కేకు గురించి!" అని అరిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇసుక బకెట్ గురించి. నువ్వు అంత సూటిగా అడుగుతావని నేనేమైనా కలగన్నానా? నాకు ఏం చెప్పాలో తోచలేదు. నాలుగేళ్ళ కింద పాతిపెట్టాననుకున్న మాట పైకొచ్చేసింది. మా అమ్మ, మా అత్తయ్య, మా పిన్ని అందరూ అనే మాట. ఆ వద్దు వాళ్ళది. నాది కాదు."

అతను అయోమయంగా నిలబడ్డాడు. "మరి నాకెలా తెలుస్తుందండీ? కేకుకి ఒక రూలు, ప్రేమకి ఒక రూలు అంటే... నేను మళ్ళీ అడిగి మిమ్మల్ని బాధపెడితే?"

ఆ మాటకి ఆమె కోపమంతా దిగిపోయింది. దగ్గరికొచ్చింది.

"తెలియదు. నీకు తెలిసే దారి లేదు. తప్పు నాదే," అంది. "రాత్రి అమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అమ్మ ఏమందో తెలుసా? 'ఆ అబ్బాయి నీ మాట విన్నాడు కదే. వినేవాడికి నిజం చెప్పాలి. చెప్పి, నాకొకసారి ఫోన్లో చూపించు' అంది. అందుకే వచ్చాను. వద్దని కాదు. రావాలి. నువ్వు రావాలని నాకు ఉంది. ఎప్పటినుంచో ఉంది."

మిక్సర్ గిర్రున తిరుగుతూనే ఉంది. అతనికి దాన్ని ఆపాలని తోచలేదు.

"చెరువు దాకా నడుద్దామన్న రోజునుంచా?" అన్నాడు మెల్లగా.

"అంతకు ముందునుంచే. ఆ రోజు చెట్ల కింద ఆగి నీ కోసం చూశాను కూడా."

"బూటు లేసు అనుకున్నాను!"

"నా బూట్లకి లేసులుండవు, మహానుభావా."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆమె నవ్వుతూనే అతని చెయ్యి పట్టుకోబోయింది. మోచేతి దాకా కాంక్రీట్. ఎక్కడ పట్టుకోవాలో తెలియక భుజం మీద తల ఆనించింది. అతను రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, ఊపిరి బిగబట్టి, దేనికీ తగలకుండా నిలబడ్డాడు. తన జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

"రైలుకి టైమవుతోంది," అంది ఆమె.

అతను తొడుగులు విప్పి పారేశాడు. మిక్సర్ ఆపాడు. వరండాలోకి వెళ్ళి రెండు పెట్టెలూ ఎత్తాడు. ఆమె చెయ్యి చాపేసరికి చిన్నది ఆమెకిచ్చి పెద్దది తను పట్టుకున్నాడు. సగం నిండిన అచ్చుల్లో కాంక్రీట్ ఆ తర్వాత ఎప్పుడో బండబారి, ప్రొఫెసర్ చేత సమ్మెట పట్టించింది. అది వేరే సంగతి.

స్టేషన్ దాకా వానలో అతని గొడుగు ఒక్కదాని కిందే నడిచారు. ఇద్దరూ తడిశారు. దారి పొడుగునా ఆమె కొత్త ఊరి గురించి, అద్దెకి తీసుకున్న గది గురించి ఆపకుండా మాట్లాడింది. ప్లాట్‌ఫారం మీదకి రాగానే మాటలు ఆగిపోయాయి. రైలు అప్పటికే వచ్చి ఉంది.

పెట్టెలు లోపల పెట్టించి ఆమె తలుపు దగ్గర నిలబడింది. అతను కింద నిలబడ్డాడు.

"నేను వెళ్ళిపోతుంటే బాధగా ఉందా?" అని అడిగింది.

"ఉంది," అన్నాడు. "చాలా ఉంది. రేపు లాబ్‌కి ఎలా వెళ్ళాలో తెలియడం లేదు."

ఆమె ఏదో ధైర్యం చెప్పబోయి మానేసింది.

"నాకూ ఉంది," అంది.

తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆమె చెంపలు తుడుచుకుంటూ నవ్వుతోంది, అతను కిందనుంచి నవ్వుతూ ఏడుస్తున్నాడు. రైలు కదిలి, మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్కడే ఉన్నాడు. తర్వాత వెళ్ళి శనివారానికి టికెట్టు కొన్నాడు.